కీమో మధ్యలో ఉన్న అమ్మగారికి ధ్యానం: ఒక పాత నర్సు సమాధానం

పర్లాకిమిడి నుంచి మీరు రాసిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి యాభై ఎనిమిదేళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. విశాఖపట్నంలో ఆరు కీమోలు చెప్పగా రెండు పూర్తయ్యాయి. రెండోదాని తరువాత ఆమె రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, పగలు ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఈలోగా మీ బంధువొకరు వచ్చి, కీమో ఒంటిని తినేస్తుందని, దానిని ఆపి నలభై రోజుల ధ్యాన శిబిరానికి తీసుకువస్తే వ్యాధి మూలం నుంచే పోతుందని చెప్పారు. ధ్యానం వల్ల నిజంగా మేలు ఉందా, ఉంటే ఇంట్లోనే ఎలా మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. శిబిరం సంగతి మీరు నేరుగా అడగలేదు గాని, ప్రశ్న అంతా దాని చుట్టూనే తిరుగుతున్నట్టు నాకు తోచింది.

నేను డాక్టరును కాను, గురువును అంతకన్నా కాను. దక్షిణ ఒడిశాలోని ప్రభుత్వ ఆసుపత్రులలో ముప్పై ఒక్క సంవత్సరాలు నర్సుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత గజపతి, రాయగడ జిల్లాలలో మంచాన పడినవారి ఇళ్లకు వెళ్లి ఉపశమన సేవ చేస్తున్నాను. తెలుగు ఇళ్లు, ఒడియా ఇళ్లు, సవర గూడేలు అన్నిటిలోనూ పెద్ద జబ్బు ముందు మనుషులు ఎలా కూర్చుంటారో దగ్గర నుంచి చూసిన అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా శిబిరం సంగతి. కీమో ఆపవద్దు. ఆపరేషన్‌లో కంటికి కనిపించిన గడ్డను తీసివేస్తారు. కంటికి గాని స్కానుకు గాని అందకుండా ఒంట్లో ఎక్కడైనా మిగిలిపోయిన కణాలను చంపడానికి ఆ తరువాత కీమో ఇస్తారు. అందుకే దానికి ఒక లెక్క, ఒక గడువు ఉంటాయి. మధ్యలో నలభై రోజులు ఖాళీ వదిలితే అప్పటివరకు ఆమె పడిన బాధకు ఫలితం తగ్గిపోతుంది. మిగిలిపోయిన ఆ కణాలను ధ్యానం చంపగలదని చూపిన ఆధారం ఏదీ లేదు. గుణుపురం వైపు ఒక ఇంటిలో ఇలాగే మూడో కీమో దగ్గర ఆపి శిబిరానికి వెళ్లిన ఒకావిడను నేను ఏడు నెలల తరువాత చూశాను. ఆమె ముఖంలో ప్రశాంతత ఉన్న మాట నిజమే, కాని అప్పటికి చంకలో గడ్డలు తిరిగి వచ్చాయి. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ శిబిరంవారు మాత్రం ఆమెకు నమ్మకం చాలలేదని చెప్పి తప్పుకున్నారు. ఆ మాటను నేను ఈ రోజుకీ మరచిపోలేదు, దాని గురించి కింద మళ్లీ రాస్తాను.

ఇక ధ్యానం వల్ల ఏమి జరుగుతుంది అన్న ప్రశ్న. మన దేశంలో ఇది వేల ఏళ్ల నాటి మాటే అయినా, ఆసుపత్రి గోడల మధ్యకు ఒక పద్ధతిగా వచ్చింది 1979లో. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబత్-జిన్ అనే ఆయన, మందులతో తగ్గని దీర్ఘకాలపు నొప్పులతో తిరుగుతున్న రోగులను చేరదీసి కొన్ని వారాల శిక్షణ మొదలుపెట్టారు. ఊపిరిని గమనించడం, ఒంటిని ఒక్కొక్క భాగంగా మనసుతో తడిమి చూసుకోవడం, కొద్దిపాటి యోగాసనాలు, ఇంతే అందులో ఉన్నవి. నొప్పిని మాయం చేస్తామని అక్కడ ఎవరూ చెప్పలేదు; నొప్పి వచ్చినప్పుడు దాని మీద భయం, కోపం, రేపటి దిగులు పేరుకుని అది మూడింతలు కాకుండా చూసుకోవడమే వారు నేర్పిన విద్య. ఆ తరువాత జరిగిన పరిశీలనలను కూర్చి, అమెరికాలోని క్యాన్సర్ వైద్యుల సంఘాలు 2023లో ఒక మార్గదర్శకం ఇచ్చాయి. క్యాన్సర్ రోగులలో ఆందోళనకు, కుంగుబాటు లక్షణాలకు ఇటువంటి ధ్యాన పద్ధతులను చికిత్స జరుగుతున్నప్పుడూ, ముగిసిన తరువాతా సూచించవచ్చని అందులో ఉంది. మీ బంధువు చెప్పినదానికీ దీనికీ ఉన్న తేడాను గమనించండి: ఆ వైద్యులు చెప్పినది ఆందోళన గురించి, కుంగుబాటు గురించి. గడ్డ కరుగుతుందని వారు ఎక్కడా అనలేదు.

ప్రార్థన గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ధ్యానం కన్నా మొక్కులు, పూజలు, కూటాల ప్రార్థనలే ఎక్కువ. గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకుంటున్న 1,802 మంది మీద అమెరికాలోని ఆరు ఆసుపత్రులలో జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఎక్కడో ఉన్న అపరిచితులు రోగి పేరు చెప్పి ప్రార్థించడం వల్ల ఆపరేషన్ తరువాతి చిక్కులు తగ్గలేదు. పైగా తమ కోసం ప్రార్థన జరుగుతున్నదని తెలిసినవారిలో చిక్కులు 59 శాతం మందికి, ప్రార్థన జరుగుతున్నా ఆ సంగతి కచ్చితంగా తెలియనివారిలో 52 శాతం మందికి వచ్చాయి. ఈ తేడా కాకతాళీయం కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు, నేనూ దీనిని పట్టుకుని ప్రార్థన చెడ్డదని అనను. కాని ఊరంతా మొక్కుకుంటున్నారని రోగికి పదేపదే చెబుతుంటే, కోలుకోవడం ఆమె మీద పడిన ఒక బాధ్యతగా మారుతుందని నేను మంచాల పక్కన చూశాను. మొక్కుకునేవారు మౌనంగా మొక్కుకోవచ్చు.

ధ్యానం ఒంటి మీద నేరుగా పనిచేసే చోట్లు కొన్ని ఉన్నాయి, అవి మీ అమ్మగారికి ఇప్పుడే అవసరం. రెండు మూడు కీమోలు అయ్యేసరికి కొందరికి మందు ఎక్కకముందే వాంతి వస్తుంది. ఆసుపత్రి వాసన తగిలినా, ఆ నర్సు చీర రంగు కనిపించినా, కొందరికి విశాఖ వెళ్లే బండి ఎక్కగానే కూడా కడుపులో తిప్పుతుంది. ఇంటివారు దీనిని నటన అనుకుంటారు. అది నటన కాదు, గంట మోగితే నోట నీరు ఊరడం నేర్చుకున్న కుక్క కథ వంటిదే. మొదటిసారి పడిన బాధను ఒళ్లు ఆ వాసనతో కలిపి గుర్తు పెట్టుకుంటుంది. ఇలాంటి వాంతికి మామూలు వాంతి మాత్రలు అంతగా పనిచేయవు, ఒంటిని సడలించే అభ్యాసాలు పనిచేస్తాయి. అయితే ఆ అభ్యాసం కీమో కుర్చీలో కూర్చున్న రోజున మొదలుపెడితే ప్రయోజనం లేదు, ఇంట్లో మామూలు రోజులలోనే అలవాటు కావాలి.

ఏ అభ్యాసం అన్నదానికి నా దగ్గర ఒకటే నియమం ఉంది: ఆమెకు ముందు నుంచీ ఏది అలవాటో దానితోనే మొదలుపెట్టాలి. మీ ఉత్తరంలో ఒక మూల, ఆమె రోజూ తులసి దగ్గర దీపం పెట్టి నూట ఎనిమిదిసార్లు నామం చెప్పుకునేవారని, ఆపరేషన్ అయినప్పటి నుంచి మానేశారని రాశారు. మీకు కావలసిన ధ్యానం అదే. ఇటలీలో కొందరు వైద్యులు క్రైస్తవుల జపమాల ప్రార్థనను, ఒక బౌద్ధ మంత్రాన్ని పక్కపక్కన పెట్టి కొలిచి 2001లో ఒక చిన్న పరిశీలన ప్రచురించారు. రెండూ పైకి ఉచ్చరిస్తున్నప్పుడు ఊపిరి తనంతట తానే నిమిషానికి ఆరు సార్లకు దగ్గరగా నెమ్మదించింది, గుండె లయ కూడా దానితో కలిసి సర్దుకుంది. మనం మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాము. ఊపిరి మీద మనసు పెట్టండి అంటే మీ అమ్మగారికి అది పరాయి మాటగా వినిపించవచ్చు. ఊపిరి విడిచేటప్పుడు సాగదీసి ఒకసారి నామం అనమంటే ఆమెకు తెలిసిన పనే అవుతుంది.

చేసే తీరు ఇలా ఉంటే చాలు. గోడకు ఆనించిన కుర్చీలో గాని, రెండు దిండ్లు వేసి మంచం మీద గాని కూర్చోబెట్టండి. నేల మీద పద్మాసనం అవసరం లేదు. ఆపరేషన్ జరిగిన వైపు చేతిని ఒక దిండు మీద కాస్త ఎత్తుగా ఉంచండి, ఆ చేయి వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి వేలాడనివ్వవద్దు, జపమాల రెండో చేతిలో ఉండాలి. కొన్ని రకాల కీమో మందుల వల్ల వేళ్ల చివరలు తిమ్మిరెక్కి పూసలు జారిపోతాయి. అప్పుడు మాల పక్కన పెట్టి, వేలి కణుపుల మీద లెక్క పెట్టుకోమనండి, అదీ కష్టమైతే లెక్కే వద్దు. కళ్లు మూసుకుంటే భయం వేస్తుందంటే తెరిచే ఉంచి దీపాన్ని చూడమనండి. మొదటి వారం పొద్దున ఐదు నిమిషాలు, పడుకునే ముందు ఐదు నిమిషాలు. మనసు ఎటో పోతుంది, పోయిందని తెలిసినప్పుడు విసుక్కోకుండా మళ్లీ నామానికి రావడమే ఇందులోని సాధన, అది పోకుండా ఉండడం కాదు. ఈ ఒక్క ముక్క తెలియక, నాకు ధ్యానం కుదరదు అని మానేసినవారు నాకు తెలిసి ఎంతమందో.

పడుకున్న తరువాత, పాదాల నుంచి మొదలుపెట్టి ఒంటిని సడలిస్తూ రావడం కూడా నేర్పవచ్చు, యోగనిద్ర పేరుతో మీరు వినే ఉంటారు. అయితే ఫోనులో దొరికే గొంతులన్నీ హిందీలోనో, పుస్తకాల తెలుగులోనో ఉంటాయి. మీరే మీ ఇంటి మాటలో, పాదాలు, పిక్కలు, మోకాళ్లు, నడుము, భుజాలు, దవడ అంటూ పదిహేను నిమిషాలు నెమ్మదిగా చెప్పి రికార్డు చేయండి. కొడుకు గొంతు వింటూ నిద్రపోయిన తల్లులను నేను చూశాను. ఒక జాగ్రత్త ఉంది: ఛాతీ దగ్గరకు వచ్చేసరికి ఆగకుండా పొట్టకో భుజాలకో దాటిపోండి. రొమ్ము తీసివేసిన చోట మనసు నిలపమంటే ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్న దుఃఖం ఒక్కసారి పైకి రావచ్చు. వస్తే తప్పు కాదు, ఏడవనివ్వండి, పక్కన మనిషి ఉండాలి, అంతే. అది వచ్చిన తరువాత రోజూ భయం, పీడకలలు, ఒళ్లు వణకడం పెరుగుతుంటే మాత్రం అభ్యాసం ఆపి డాక్టరుకు చెప్పండి. ధ్యానం ఎవరికీ హాని చేయదన్న మాట నిజం కాదు. పాత గాయాలు ఉన్నవారికి, మతిభ్రమ లక్షణాలు ఎప్పుడైనా వచ్చినవారికి అది కష్టం తేవచ్చు. పది రోజుల మౌన శిబిరాలు మంచివే అయినా చికిత్స మధ్యలో ఉన్నవారికి తగవు. కపాలభాతి, ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు కూడా ఇప్పుడు వద్దు.

నిద్ర పట్టకపోవడం గురించి ఒక విషయం మీకు ఎవరూ చెప్పి ఉండరు. వాంతులు, మందు పడకపోవడం వంటివి రాకుండా కీమోతో పాటు స్టెరాయిడ్ ఇస్తారు, ఆ రెండు మూడు రాత్రులు కళ్లు మూతపడవు, మనసు గుర్రంలా పరుగెడుతుంది. ఇంటికి ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు ఉంటే వాటిని పొద్దుటి పూటే వేయవచ్చా అని డాక్టరును అడగండి. ఆ రెండు రాత్రులు ధ్యానం కుదరకపోతే అది మందు పని అని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే దేవుడి నామం కూడా తనకు నిలవడం లేదని ఆమె కుమిలిపోతారు.

మన ఆచారాలలో ఈ కాలంలో పక్కన పెట్టవలసినవి కొన్ని ఉన్నాయి, ఇక్కడ నేను కాస్త కటువుగానే రాస్తాను. కీమో ఎక్కించిన తరువాత సుమారుగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోతాయి. ఆ రోజులలో భజన గుంపులు, యాత్రలు, జన్మదినాల హడావుడి వద్దు. ఎవరి చేతులు ఎలాంటివో తెలియని తీర్థం, పంచామృతం, కోసి ఉంచిన పండ్ల ప్రసాదం కళ్లకద్దుకుని పక్కన పెట్టవచ్చు. కార్తీకమాసంలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, శనివారపు ఉపవాసం, ఒంటిపూట భోజనం ఈ ఏటికి లేవు అనుకోవాలి. ఆమెకు ఇప్పుడు కావలసినది వేళకు అన్నం, పప్పు, గుడ్డు. గుడ్డు తినకపోతే పెరుగు, పనీరు. ఒళ్లు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిందంటే విభూతి పెట్టి తెల్లవారేదాకా చూడవద్దు, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాలి. తెల్ల కణాలు లేనప్పుడు వచ్చే జ్వరం గంటలలో ప్రాణం మీదకు వస్తుంది. వ్రతభంగం అవుతుందని ఆమె బాధపడితే, ఇంటి పురోహితుడి చేతనే చెప్పించండి. ఆపదలో ఉన్నవారికి నియమాలు సడలుతాయని మన ధర్మశాస్త్రాలే చెబుతాయి, దానికి ఆపద్ధర్మం అని పేరు కూడా ఉంది. నేను అడిగిన ఏ పురోహితుడూ కాదనలేదు.

మీ వీధిలోనో బంధువులలోనో డయాలసిస్ చేయించుకుంటున్నవారు ఉండి ఉంటారు కాబట్టి వారి మాట కూడా ఇక్కడే చెబుతాను. సరిహద్దు అవతల ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంత మందిని పట్టి ఉందో మనకు తెలుసు. వారికి గుడి ప్రసాదంలో ప్రమాదం వేరే తీరుగా ఉంటుంది: అరటిపండులోనూ కొబ్బరినీళ్లలోనూ ఉండే పొటాషియంను వారి కిడ్నీ బయటకు పంపలేదు, అది పేరుకుని గుండెను ఆపేయగలదు. తీర్థం చెంచాడైనా వారి రోజువారీ నీళ్ల లెక్కలోకే వస్తుంది. వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకునేవారికి ఆ సమయమే నామానికి అనువైన సమయం, సూది ఉన్న చేయి కదపకుండా ఉంటే చాలు.

ఇప్పుడు మీ అమ్మగారి మౌనం గురించి. మీరు దానిని భయం అని రాశారు, కావచ్చు, కాని నా అనుభవంలో ఇలాంటి మౌనం వెనుక ఎక్కువసార్లు ఒక ప్రశ్న ఉంటుంది: నేనేం పాపం చేశాను? పలకరించడానికి వచ్చినవారు ఏ జన్మలోనిదో అని నిట్టూర్చి వెళ్లిపోతారు, ఆ మాట ఆమె దగ్గర ఉండిపోతుంది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రయాన్ని స్థాపించి ఉపశమన వైద్యానికి దారి వేసిన సిసిలీ సాండర్స్, మొదట నర్సు, తరువాత డాక్టరు, రోగి నొప్పిని విడదీయరాని నాలుగు పోగుల తాడుగా చూశారు: ఒంటి నొప్పి, మనసు నొప్పి, సంసారపు నొప్పి, ఆత్మ నొప్పి. ఒక పోగును వదిలేస్తే మిగిలినవి సడలవు. అందుకే ఒంటి నొప్పి ఉన్నవారిని ముందు ధ్యానానికి కూర్చోబెట్టడం క్రూరత్వం. ముందు నొప్పి మాత్ర, అవసరమైతే మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు, ఆ తరువాతే నామం. మార్ఫిన్ అంటే చివరి ఘడియ అని మన వైపు ఒక భయం ఉంది. అది తప్పు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల దానిని ఇవ్వడం ఆసుపత్రులకు ఎంతో కష్టంగా ఉండేది. 2014లో చట్టాన్ని సవరించిన తరువాత దారి కొంత సులువయింది.

దేవుడు తనను శిక్షిస్తున్నాడని, విడిచిపెట్టాడని నమ్మే రోగుల గురించి అమెరికాలో 2001లో వచ్చిన ఒక పరిశీలన నన్ను చాలా ఆలోచింపజేసింది. ఆసుపత్రిలో చేరిన పెద్ద వయసు రోగులను రెండేళ్లపాటు గమనిస్తే, అటువంటి భావాలతో నలిగినవారిలో మరణాలు కొంత ఎక్కువగా కనిపించాయి. ఆ భావమే చంపిందని దాని అర్థం కాదు, అయినా ఆ నలుగుడును చిన్న విషయంగా చూడకూడదని మాత్రం అర్థమయింది. శిబిరంవారు గుణుపురం ఆవిడతో నీకు నమ్మకం చాలలేదు అన్నప్పుడు వారు చేసింది ఇదే: జబ్బుతో పాటు ఒక నేరాన్ని కూడా ఆమె నెత్తిన పెట్టారు. రొమ్ము క్యాన్సర్ వయసు వల్ల, హార్మోన్ల వల్ల, కొందరిలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల వల్ల వస్తుంది. చాలామందిలో ఫలానా కారణం అని వేలు పెట్టి చూపలేము. పాపం మాట ఎత్తినప్పుడు మీరు వాదించి గెలవాలని చూడవద్దు. అలా ఎందుకు అనిపిస్తున్నదమ్మా అని అడిగి, ఆమె చెప్పేది చివరిదాకా వినండి. పాతికేళ్ల కిందటి ఒక తగాదా, చెల్లించని ఒక మొక్కు, మాట్లాడని ఒక తోబుట్టువు, ఇలాంటిదేదో బయటకు వస్తుంది. మహేంద్రగిరికి శివరాత్రికి వస్తానని మొక్కుకుని రాలేకపోయానని కుమిలిన ఒక ముసలాయన తరఫున ఆయన మనవడు వెళ్లి వచ్చాడు. ఆ రాత్రి ఆయన చాలా రోజుల తరువాత అన్నం అడిగి తిన్నాడు.

జబ్బు పేరు ఆమెకు చెప్పలేదని మీరు రాశారు. ఆపరేషన్ అయింది, జుట్టు ఊడింది, విశాఖలో క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు కింద నుంచి రెండుసార్లు నడిచి వెళ్లారు. ఆమెకు తెలుసండి. ఆమెకు తెలియదన్నట్టు మీరు, తెలియనట్టు ఆమె నడుచుకుంటూ ఉండడం వల్లనే ఇంట్లో మాట ఆగిపోయింది. ఇటువంటి ఇంట్లో ఏ ధ్యానమూ పట్టదు. ఆమె అడిగినంత మేరకు, ఆమె అడిగిన రోజున, అబద్ధం కలపకుండా చెప్పండి. అడగకపోతే, డాక్టరు చెప్పినది నీకు ఏమైనా తెలుసుకోవాలని ఉందా అమ్మా అని ఒక్కసారి మీరే దారి తీయండి.

మీ మేనత్తగారు దిశారి చేత, అంటే గూడెంలో మంత్రం, మందు చేసే పెద్ద చేత, కట్టించిన దారం గురించి కూడా మీరు అడిగారు కదా, దానిని తెంచవద్దు. సెలైను సూది పెట్టని చేతికి, ఆపరేషన్ కాని వైపు వదులుగా ఉంటే దానివల్ల నష్టం లేదు, ఆమెకు దానిలో మేనత్తగారి ప్రేమ కనిపిస్తుంది. దిశారి ఇచ్చిన వేరు కషాయం మాత్రం వేరే సంగతి. కీమో మందును కాలేయం, కిడ్నీ బయటకు పంపుతాయి, వాటి మీద ఏ ఆకు ఏమి చేస్తుందో తెలియకుండా తాగించకూడదు. ఊదు, కర్పూరం పొగ ఆమె గదిలో వద్దు. సవర గూడేలలో పాస్టరుగారు వచ్చి మంచం చుట్టూ నిలబడి పాట పాడితే రోగి ముఖం విప్పారడం ఎన్నోసార్లు చూశాను, అదే పాటను పక్క మంచం వైష్ణవ ముసలమ్మకు వినిపిస్తే ఆమె గోడవైపు తిరిగింది. కాబట్టి ఎవరో మంచివారు అని మీ బంధువు పంపే గురువులను నేరుగా మంచం దగ్గరకు రానివ్వకండి. నీకు ఇప్పుడు ఎవరు వచ్చి కూర్చుంటే బాగుంటుంది అని ఆమెను అడగండి. ఎవరూ వద్దు అన్నా అది జవాబే. ఆసుపత్రికి మీరు కటక్ కాకుండా విశాఖను ఎంచుకోవడం ఈ విషయంలో ఆమెకు మేలే చేసింది, అక్కడ నర్సమ్మలతో తన భాషలో నొప్పి చెప్పుకోగలరు. ఇంట్లో తెలుగు తప్ప రాని మన ఆడవారు కటక్ వార్డులలో మూగవారై కూర్చోవడం నేను చూశాను.

మీ గురించి మీరు ఒక్క వాక్యం కూడా రాయలేదు. బడి, ప్రయాణాలు, ఆసుపత్రి కాగితాలు, రాత్రి కాపలా అన్నీ మీరే చూస్తున్నారని మాత్రం మిగిలిన వాక్యాలలో తెలిసింది. ఆమె నామం చెప్పుకునే ఐదు నిమిషాలు మీరు కూడా పక్కన కూర్చోండి, ఫోను వేరే గదిలో పెట్టి. ఆమె చేస్తున్నారా లేదా అని చూడడానికి కాదు. వారానికి ఒక పూట మీ చెల్లెలిగారిని కాపలా ఉంచి మీరు బయటకు వెళ్లండి. నెలల తరబడి నిద్ర లేని మనిషి మాటలో కరుకుదనం వస్తుంది, అది మీకు తెలియకపోయినా రోగికి తెలుస్తుంది.

మూడో కీమోకు ఇంకా పదకొండు రోజులు ఉన్నాయని రాశారు. ఈ రోజు సాయంత్రమే తులసి దగ్గర దీపం మీరు పెట్టి, ఆమె కుర్చీని అక్కడికి జరపండి. రమ్మని బలవంతపెట్టవద్దు, రెండో రోజో మూడో రోజో ఆమే వస్తారు. ప్రయాణం నాడు విశాఖ ప్యాసింజరులో కిటికీ పక్క సీటు, చేతి సంచిలో ఒక నిమ్మకాయ, ఒక పలచని దుప్పటి, ఇయర్‌ఫోనులో మీరు రికార్డు చేసిన గొంతు సిద్ధంగా ఉండాలి. బండి పాతపట్నం దాటగానే అది పెట్టండి, ఆసుపత్రి వాసన తగిలేదాకా ఆగవద్దు. సూది పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా నెమ్మదిగా విడవమని చెప్పి, రెండో చేతిని మీరు పట్టుకోండి. పోయినసారి మందు ఎక్కకముందే వాంతి అయిందా, ఎక్కిన తరువాత అయిందా అన్నది గుర్తు తెచ్చుకుని ఈసారి డాక్టరుకు విడిగా చెప్పండి, రెండింటికీ మందు ఒకటి కాదు. తిరిగి వచ్చాక ఆమె ఆ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో నాకు రాయండి.